గేటు ఇప్పుడు తీశారండీ!

2004 డిసెంబరులో ఢిల్లీ అక్బర్ రోడ్డులోని సొంత పార్టీ ఆఫీసు గేటు పీవీ పార్థివదేహానికి తెరుచుకోలేదు. ఇప్పుడో? 'మావాడే' అంటూ గేట్లు బార్లా తీయని పార్టీ ఉందా! గులాబీ పార్టీ ఏడాది పొడవునా శతజయంతి జరిపి, నెక్లెస్ రోడ్డుకు ఆయన పేరు పెట్టింది. కమలం పార్టీ సరిగ్గా 2024 లోక్‌సభ ఎన్నికల ముందే భారతరత్న ప్రకటించింది. హస్తం పార్టీకి సంస్కరణల గొప్ప చెప్పుకోవాల్సినప్పుడు 1991 గుర్తొస్తుంది. బాబ్రీ ఊసెత్తితే మాత్రం ఆయనెవరో పొరుగింటాయన!

అన్నట్టు, మౌనంగా కూర్చోవడంలో పీవీని మించినవారు లేరు. అన్ని భాషలొచ్చిన పెద్దాయన ఇవాళ ఉంటే వీళ్లకు ఏ భాషలో జవాబిచ్చేవారంటారా? ఆ మూతి ఇంకాస్త బిగించేవారు.