ఇనుప సామాను పార్సిల్: అందరూ వద్దనే సలహాలు

కారు సామాను పార్సిల్ కట్టేవాళ్లకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: బాగా చుట్టి, మంచి పెట్టెలో పెట్టి, పైన ‘జాగ్రత్త’ అని రాయమంటారు. ఈ మూడూ చేయొద్దంటాను. విజయవాడ ఆటోనగర్‌లోనో, ఢిల్లీ మాయాపురిలోనో, చెన్నై పుదుపేటలోనో వెతికి వెతికి పట్టుకున్న సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్సు, ఇంటికి చేరాక విప్పి చూస్తే చెవి విరిగి కనబడుతుంది. అలా విరిగినవాటిలో చాలావాటికి చుట్టూ బోలెడు బబుల్ షీటు ఉంటుంది. చుట్టినవాడు కష్టపడ్డాడు. కానీ దారిలో ఆ పెట్టెని ఎత్తి దించే మనుషుల గురించి ఆలోచించలేదు.

పాత బళ్ల విషయంలో ఇది చిన్న నష్టం కాదు. అంబాసిడర్ తయారీ 2014లో ఉత్తర్‌పారాలో ఆగిపోయింది. దాని డిఫరెన్షియల్ హౌసింగ్ పగిలితే కంపెనీ నుంచి కొత్తది రాదు, ఇంకో పాత బండి తుక్కుకి వచ్చేదాకా ఆగాలి. అందుకే ఈ సలహాలు. వింటే తలకిందులుగా ఉన్నాయంటారు, షాపువాళ్లు కూడా ఒప్పుకోరు. అయినా చెప్పక తప్పదు.

మొదటిది: మెత్తగా చుట్టకండి.

లారీ తొట్టి నేలకి సుమారు నాలుగడుగుల ఎత్తు, 120 సెంటీమీటర్లనుకోండి. 30 కిలోల గేర్‌బాక్సు అక్కడినుంచి జారింది. కింద ఉన్న మెత్త 2 సెంటీమీటర్లు నలిగాక ఆగింది. పడిన ఎత్తుని ఆగడానికి పట్టిన దూరంతో భాగిస్తే 60. అంటే ఆగేటప్పుడు సామాను మీద సగటున దాని బరువుకి 60 రెట్లు బలం పడింది, 1,800 కిలోలు మోపినట్టు. అంత బలానికి బబుల్ షీటు బుడగలు టపటపా పేలిపోతాయి, థర్మోకోల్ పొడైపోతుంది. ఆ మాటకొస్తే పడేదాకా కూడా ఆగక్కర్లేదు. గేర్‌బాక్సు తన బరువుకే బుడగల్ని నలిపేసి, పెట్టె లోపల చోటు చేసుకుంటుంది. ఇక లారీ గుంతలో పడ్డప్పుడల్లా అటూ ఇటూ దొర్లి అట్టని లోపలినుంచి బాదుతుంది. బయట దెబ్బ ఏమీ తగలకుండానే పెట్టె చిరిగిపోయేది ఇలాగే.

ఇనుముకి కావాల్సింది బిగింపు. రెండంగుళాల మందం పలక తీసుకోండి, సామానుని దానికి బోల్టులతో బిగించండి. బోల్టు రంధ్రాలు కంపెనీవాడు ముందే వేసి ఉంచాడు. గేర్‌బాక్సుకి ఇంజన్ వైపు, బెల్ హౌసింగ్ అంచు చుట్టూ ఉన్నవి అవే. కాగితం మీద ఆ అంచుని బోర్లించి గీసుకుని, రంధ్రాల గుర్తులు పెట్టుకుని, పలకకి డ్రిల్లు వేయండి. ఇన్‌పుట్ షాఫ్ట్ కొస అంచు దాటి బయటికి వస్తుంటే పలకలో దానికో కన్నం తీయాలి, లేకపోతే బిగించేకొద్దీ షాఫ్టే లోపలికి నొక్కుకుంటుంది. కింద వెడల్పాటి వాషరు, దాని మీద నట్టు. నాలుగు బోల్టులు చాలు. బిగించాక మొత్తాన్ని తలకిందులు చేసి ఊపి చూడండి. చిన్న చప్పుడు వచ్చినా మళ్లీ బిగించాల్సిందే. బండిలో బతికినన్నాళ్లూ ఆ అంచు మోసిన బరువే ఇక్కడా మోస్తుంది కాబట్టి దానికి కొత్త కష్టమేమీ లేదు.

రెండోది: దాచకండి.

ఒట్టి ఇనుప సామాను చూస్తే హమాలీకి అది ఇనుమని తెలుస్తుంది. మోకాళ్లు వంచి, కాళ్లు ఎడం పెట్టి ఎత్తుతాడు. అదే సామాను టీవీ పెట్టెలోనో బిస్కెట్ల అట్టపెట్టెలోనో పెట్టారనుకోండి, అతను దాని సైజుని బట్టి చెయ్యి వేస్తాడు. బరువు ఒక్కసారి చేతికి తగిలేసరికి పెట్టె జారుతుంది. నడుం కలుక్కుమంటుంది కూడా. అందుకే డిఫరెన్షియల్ హౌసింగ్, యాక్సిల్, కమాన్ పట్టీల లాంటి మొరటు సామాన్లకి అసలు కవరే వద్దంటాను. పైకి కనబడనివ్వండి. మెషిన్ చేసిన నునుపు భాగాలు మాత్రం గ్రీజు రాసి, ప్లాస్టిక్ చుట్టి, పాత ట్యూబు ముక్కతో కట్టండి. కొరియర్‌వాడు పెట్టె లేనిదే తీసుకోనంటే చెక్క చట్రం కొట్టించండి, పలకల మధ్య సందులుంచి లోపలిది కనబడేలా.

అట్టపెట్టే దిక్కయితే ఏడు పొరలది తీసుకోండి. వర్షాకాలంలో మాత్రం దాన్ని కూడా నమ్మొద్దు, చెమ్మ పీల్చిన అట్ట బలం చాలావరకు పోతుంది. కోస్తాలో గోడౌన్లు ఎప్పుడూ చెమ్మగానే ఉంటాయి.

చిరునామా కాగితం మీద రాసి అతికించకండి. ఆయిల్ తగిలి ఊడిపోతుంది. రేకు ముక్క మీద పెయింటుతో ఊరు, పేరు, ఫోన్ నంబరు రాసి, బైండింగ్ వైరుతో సామానుకే కట్టండి. రేకు అంచులు మడవాలి, చేతులు కోసుకోకుండా.

మూడోది: ‘ఫ్రజైల్’ అని రాయకండి.

ఎర్ర అక్షరాలతో ఆ మాట ప్రతి పార్సిల్ మీదా ఉంటుంది, అద్దాల పెట్టె మీదా ఉంటుంది, చీరల మూట మీదా ఉంటుంది. రోజంతా అవే ఎత్తేవాడికి అందులో కొత్త సంగతేమీ లేదు. బరువు రాయండి. ‘38 కిలోలు’ అని తెలుగులో, హిందీలో, చెయ్యంత అక్షరాలతో, నాలుగు వైపులా. లోడింగ్ దగ్గర పనిచేసేవాళ్లలో బీహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు, అంకె అందరికీ అర్థమవుతుంది. బరువు ఒక పక్కకే ఉంటే ఆ పక్కన పెద్ద చుక్క పెట్టి ‘ఇటు బరువు’ అని రాయండి. జాగ్రత్తగా ఉండమని ఎత్తేవాణ్ని బతిమాలేకన్నా, ఎలా ఎత్తాలో అతనే తేల్చుకోవడానికి కావాల్సింది రాయడం మర్యాద.

నాలుగోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. సామాను చిన్నదిగా కట్టకండి, పొడుగు పెంచండి.

20 కిలోల లోపు సామానుతో పెద్ద బాధ లేదు, ఒకరు ఎత్తుతారు, సరిగ్గానే దించుతారు. 80 కిలోలైతే ఇద్దరు పట్టాలని చూడగానే తెలుస్తుంది. చిక్కంతా 35 నుంచి 55 మధ్యలోనే. యాభై కిలోల సిమెంటు బస్తా ఒక్కడే మోస్తాడు కదా అంటారు. బస్తా వీపు మీద ఒదిగి కూర్చుంటుంది. అదే బరువున్న ఇంజన్ బ్లాకుని గుండె ముందు పెట్టుకుని, వేళ్ల కొసలతో మోయాలి. మోయగలడు కాబట్టి ఒక్కడే మోస్తాడు, దించేటప్పుడు మాత్రం ఆఖరి అడుగు ఎత్తునుంచి వదిలేస్తాడు. సామాను విరిగేది అక్కడే, కాలి వేలు నలిగేది కూడా అక్కడే. ఒక మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు దాటితే దాన్ని వీలైనంత త్వరగా తగ్గించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. మన గోడౌన్లలో ఆ లెక్క ఎవరూ చూడరు. పార్సిల్ కట్టే మనమైనా చూడాలి.

కాబట్టి ఆ మధ్య బరువు సామాన్లకి నాలుగడుగుల పలక వేయండి. సామాను నడిమధ్య, రెండు కొసల్లో మందపాటి నైలాన్ తాడుతో పిడికిలి దూరేంత పట్లు. నాలుగడుగుల పలకని ఒక్కడు ఎత్తలేడు, ఎత్తబోయినా రెండో కొస నేలకి తగులుతుంది. ఇంకొకణ్ని పిలవాల్సిందే. తాడు ఉంది కాబట్టి హమాలీ చేతి కొక్కెం కూడా తాడులోకే పోతుంది. పట్టు లేని గోనె మూటకి కొక్కెం ఎక్కడ గుచ్చాలో హమాలీకి తెలియదు. రేడియేటర్ని గోనెలో చుట్టి పంపొద్దనేది ఇందుకే.

పలక కలిస్తే చార్జీ పెరుగుతుందని భయపడేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తుల్ని సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి ఒక బరువు కడతారు, అసలు బరువుతో పోల్చి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. 120 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 40 ఎత్తు అయితే వచ్చేది 33.6 కిలోలు. మీ గేర్‌బాక్సు పలకతో కలిపి 38 ఉంటే ఆ పొడుగంతా ఉచితమే, పలక బరువుకి మాత్రమే కడుతున్నారు. లారీ ఆఫీసులో అయితే ఈ గొడవ ఇంకా తక్కువ.

పైభాగం చదునుగా వదలకండి. చదునుగా ఉన్నదాని మీద ఇంకొకటి పెట్టడం లోడింగ్‌లో మామూలు పని, అది వాళ్ల తప్పు కాదు. రేడియేటరు, అల్యూమినియం హెడ్డు లాంటివాటి చట్రం మీద రెండు పలకల్ని ఇంటి కప్పులా ఏటవాలుగా కొట్టించండి. దాని మీద ఏదీ నిలవదు.

మెరిసేలా కడిగి పంపకండి. నీళ్లతో, సబ్బుపొడితో కడిగిన పోత ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుంది. పాత జిడ్డు దాని చర్మం, గుడ్డతో పైపైన తుడిస్తే చాలు. అయితే లోపలి ఆయిల్ మాత్రం చుక్క ఉండకూడదు. ముందు చక్రాలు నడిపే కార్ల గేర్‌బాక్సుకి డ్రైవ్ షాఫ్టులు లాగేశాక రెండు పక్కలా సీళ్ల దగ్గర ఖాళీలు మిగులుతాయి. డ్రెయిన్ ప్లగ్ బిగించేశాం కదా అనుకుంటే, పక్కకి వాల్చగానే అక్కడినుంచి కారుతుంది, బ్రీదర్ నుంచీ కారుతుంది. ఒక రాత్రంతా పళ్లెం మీద వాల్చి ఉంచి, ఆ ఖాళీల్లో ప్లాస్టిక్ మూతలు కొట్టండి. పక్కవాళ్ల బట్టల మూట పాడుచేసే హక్కు మనకి లేదు. న్యూస్ పేపర్ వాడకండి, చెమ్మ పీల్చి తుప్పుని తెచ్చి అంటిస్తుంది.

హెడ్డుని క్యామ్‌తో సహా పంపుతుంటే బోర్లా పెట్టకండి. తెరుచుకుని ఉన్న వాల్వులు కింది అంచు దాటి బయటికి వస్తాయి, బరువంతా వాటి మీద పడి వంగుతాయి. హెడ్డు బోల్టుల రంధ్రాలకే మందం వాషర్లు వేసి, ఎడంగా ప్లైవుడ్ బిగిస్తే వాల్వులకీ రక్షణ, గ్యాస్కెట్ మొహానికీ రక్షణ. విడి క్యామ్‌షాఫ్టు పెళుసు, కిందపడితే రెండు ముక్కలే. ఆయిల్ రాసి, ప్లాస్టిక్ చుట్టి, పీవీసీ పైపులో బిర్రుగా దూర్చండి. పైపు దొర్లకుండా రెండు కొసలకీ చతురస్రం చెక్క ముక్కలు.

ఎయిర్‌బ్యాగులు అసలు పంపకండి. అందులో పేలే మందు ఉంటుంది. గ్యాసు నింపిన షాక్ అబ్జార్బర్లు, బ్యాటరీలు, పెట్రోలు వాసన పోని ట్యాంకులు కూడా మామూలు పార్సిల్లో వేయకూడదు. చెప్పకుండా బస్సు డిక్కీలో వేసేవాళ్లకి పైన కూర్చునే మనుషులు గుర్తుండాలి.

తొందరగా వెళ్లే సర్వీసు అడగకండి, మధ్యలో దించనిది అడగండి. ‘ఎన్ని రోజుల్లో వెళుతుంది’ అన్న ప్రశ్న బదులు ‘ఎక్కడెక్కడ బండి మారుతుంది’ అని అడగాలి. బండి మారిన ప్రతిచోటా ఒకసారి దించుతారు, ఒకసారి ఎక్కిస్తారు. రెండు రోజులు ఆలస్యంగా బయల్దేరే డైరెక్ట్ లారీ, మూడు గోడౌన్లు తిరిగే ఎక్స్‌ప్రెస్ కన్నా వెయ్యి రెట్లు నయం. డోర్ డెలివరీ కూడా వద్దు, అది ఇంకో ఆటో, ఇంకో ఎత్తుడు. గోడౌన్ డెలివరీ రాయించి, తీసుకునేవాళ్లనే వెళ్లమనండి.

విలువ తక్కువ రాసి చార్జీ మిగుల్చుకోకండి. 1865 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2007 రోడ్డు రవాణా చట్టం కింద, ఎక్కువ విలువ ప్రకటించి దానికి తగ్గ రేటు కట్టకపోతే, రవాణాదారు బాధ్యత కట్టిన కిరాయికి పది రెట్ల దగ్గరే ఆగిపోతుంది. 400 రూపాయల కిరాయికి వచ్చేది గరిష్టంగా 4,000. లారీ రసీదు (ఎల్ఆర్) మీద ‘ఓనర్స్ రిస్క్’ అని ముద్ర ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోండి. దెబ్బతింటే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, ఫోన్లో తిట్టడం లెక్కలోకి రాదు. బిగించేటప్పుడు నాలుగు వైపులా ఫోటోలు తీసి ఉంచుకోండి.

తీసుకునేవాళ్లు కౌంటర్ దగ్గరే, క్లర్కు చూస్తుండగానే చూసుకోవాలి. ఏదైనా విరిగి ఉంటే డెలివరీ కాపీ మీదే రాసి, ఆ తర్వాతే సంతకం. హమాలీ చార్జీ దగ్గర బేరం మాత్రం వద్దు.

పలక పారేయొద్దని వాళ్లకి ముందే చెప్పండి. బండిలోంచి ఊడదీసిన పాత గేర్‌బాక్సు ఎక్స్ఛేంజ్ కింద వెనక్కి రావాల్సిందే అయితే, అదే పలక మీద, అవే బోల్టులతో బిగించి పంపమనండి. మోడల్ ఒకటే కాబట్టి రంధ్రాలు సరిగ్గా సరిపోతాయి. సరిపోకపోతే వాళ్లకి వేరే మోడల్ గేర్‌బాక్సు వచ్చిందన్నమాట. బండికి ఎక్కించకముందే షాపుకి ఫోన్ చేయమనండి.