మొహమాటానికి హెపా ఫిల్టరు

గోదావరి డెల్టాలో కార్చిచ్చు పుట్టాలంటే ముందు దానికో అడవి కావాలి. మనకున్నది కోరింగ మడ అడవి. రోజుకు రెండుసార్లు పోటుకు మునిగి, పాటుకు తేలుతుంది. మోకాటి లోతు బురదలో నిలబడ్డ ఆ చెట్లను తగలబెట్టాలనుకున్నవాడు ముందు వాటిని ఆరబెట్టుకోవాలి. పాపికొండల్లో అడవి ఉంది కానీ అది ఎగువ సంగతి. అయినా సరే, రాజమండ్రి దానవాయిపేట నుంచి భీమవరం దాకా కాస్త కలిగిన ఇళ్ళల్లో ఫ్రిజ్ పక్కన ఇప్పుడొక తెల్లటి డబ్బా కనపడుతోంది. పచ్చలైటు వెలుగుతుంటుంది. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళకంటే ముందు దాన్ని చూపిస్తున్నారు. "ఎయిర్ ప్యూరిఫయరండీ. అబ్బాయి పంపించాడు. అక్కడ అడవులంటుకుంటే ఇదే కాపాడిందట."

అక్కడ కాపాడిన మాట నిజమే. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలో పారడైజ్ అనే ఊరు అడవితోపాటే కాలిపోయింది. 85 మంది చనిపోయారు. ఆ పొగ రెండొందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల మన పిల్లలు అద్దెకున్న అపార్ట్‌మెంట్లలో దిగింది. 2020 సెప్టెంబరు 9న అక్కడ తెల్లవారలేదు. ఆకాశం నారింజ రంగులో ఆగిపోయింది. 2023 జూన్‌లో కెనడా అడవుల పొగ న్యూజెర్సీ మీద పడితే ఎడిసన్‌లో ఉన్న తెలుగువాళ్ళు కిటికీలు బిగించుకు కూర్చున్నారు. ఎక్కడో పిడుగు పడుతుంది, ఇంకెక్కడో కరెంటు తీగ తెగుతుంది. ఆ మంట పెట్టినవాడెవడో ఎడిసన్‌లో ఉన్నవాడికి తెలియదు, తెలిసినా వెళ్ళి అడగలేడు. అలాంటప్పుడు తలుపులు మూసుకుని ఒక గదిలో గాలి శుభ్రం చేసుకోవడం తెలివైన పని. డబ్బాలు దొరకనివాళ్ళకు 2020లో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోజెంతాల్ అనే ఇద్దరు చవక ఉపాయం చెప్పారు: నాలుగు ఫిల్టర్లను చతురస్రంగా నిలబెట్టి, పైన ఒక ఫ్యాను పెట్టి, సందుల్లేకుండా టేపు చుట్టేయడమే. చూడ్డానికి అట్టపెట్టెలా ఉన్నా అది బాగానే పనిచేస్తుంది.

అదే డబ్బా విమానమెక్కి కోనసీమలో మండువా లోగిలికి వస్తుంది. నడిమింట్లో ఆకాశం కనపడుతుంది. వాన కురిస్తే వాన, ఎండ కాస్తే ఎండ నేరుగా ఇంట్లోనే పడతాయి. ఆ మండువా మధ్యన దీన్ని పెట్టి స్విచ్ వేస్తారు. ఇక అది పాపం ధవళేశ్వరం బ్యారేజీ నుంచి అంతర్వేది సముద్రం దాకా ఉన్న గాలినంతా శుభ్రం చేయాలి. ఫిల్టరు ఆర్నెల్లకే నల్లబడితే "ఎంత మురికి లాగిందో చూశారా" అని మురిసిపోతారు. ఎంత లాగిందో కనపడుతూనే ఉంది. లాగాల్సింది ఇంకా ఎంత మిగిలిందన్నదే ఫిల్టరు మీద కనపడదు.

కొట్లో అమ్మేవాడి పాండిత్యం వేరు. "సార్, 99.97 శాతం!" అంటాడు. అది అబద్ధం కాదు. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల నలుసుల్ని కూడా వందకు 99.97 పట్టేస్తుంది, తన గుండా వెళ్ళిన గాలిలో. మీ గదిలో గాలి గంటకు ఎన్నిసార్లు దాని గుండా వెళుతుందన్నదే అసలు ప్రశ్న. అది తేలాలంటే యంత్రం గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో తెలియాలి. ఆ లెక్కకు సీఏడీఆర్ అని పేరు. డబ్బా వెనకాల స్టిక్కరు మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ముందువైపు మాత్రం వైఫై, మూన్‌లైట్, స్లీప్ మోడ్ అని అరచేతి మందాన రాస్తారు. స్లీప్ మోడ్‌లో మీరే కాదు, యంత్రం కూడా సగం నిద్రపోతుంది. చప్పుడు తగ్గిందంటే గాలి తగ్గినట్టే. స్టిక్కరు మీది అంకె ఫుల్ స్పీడులో కొలిచింది. ఆ స్పీడులో పెడితే టీవీ సీరియల్లో అత్తగారి డైలాగులు వినపడవు కాబట్టి ఇంట్లో ఎవరూ పెట్టనివ్వరు.

పొగకు అమెరికావాళ్ళు పెట్టుకున్న లెక్క సులువైనదే. గది ఎన్ని చదరపు అడుగులో, నిమిషానికి కనీసం అన్ని ఘనపుటడుగుల శుభ్రమైన గాలి ఇవ్వాలి. మన దగ్గర గంటకు ఘనపు మీటర్లలో రాస్తారు కనుక చదరపు అడుగులను 1.7తో హెచ్చవేసుకోవాలి. అదీ ఎనిమిదడుగుల కప్పుకి. మన శ్లాబు పదడుగులుంటుంది, ఇంకో పాతిక శాతం కలుపుకోవాలి. కిటికీ రెక్కల సందులు మూయాలి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్నదాన్నే తిప్పుతుంది, కనుక దాన్ని వేసుకోవచ్చు. అయానైజర్ అని బటన్ ఉంటే దాని జోలికి పోవద్దు, కొన్ని యంత్రాల్లో అది ఓజోను పుట్టిస్తుంది. కాలిఫోర్నియాలో అమ్మే ప్యూరిఫయర్ 50 పీపీబీ (వంద కోట్ల పాళ్ళలో యాభై పాళ్ళు) ఓజోను దాటకూడదని నిబంధనే ఉంది. ఇక మెడలో తాళిబొట్టులా వేలాడదీసుకునే ప్యూరిఫయర్ లాకెట్ల గురించి ఏమీ చెప్పను. తాయెత్తుల వ్యాపారం మనకు కొత్తేమీ కాదు.

కరెంటుతో పనిలేని భక్తులు కడియం వెళతారు. కడియపులంక నర్సరీల దారిలో ఏ మొక్క పట్టుకున్నా "ఇది ఎయిర్ ప్యూరిఫయర్ మొక్కండీ, నాసావాళ్ళు చెప్పారు" అంటారు. నాసా చెప్పిన మాట నిజం, 1989లో. గాలి చొరబడని చిన్న గాజుగదిలాంటి పెట్టెలో మొక్కను పెట్టి, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి వాయువుల్ని వదిలి చూశారు. అందులో చేలో వరిగడ్డి కాల్చిన పొగా లేదు, మన బెడ్రూమూ లేదు. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ తిరగేసి లెక్క కట్టారు. ఇంట్లోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసేపాటి పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలట. పన్నెండు బై పన్నెండు గదికి తక్కువలో తక్కువ 134 కుండీలు. మంచం బయట వేసుకోవాలి. కడియం రైతులు మాత్రం నా మీద కోపగించుకోవద్దు. మొక్క అందానికి కొనమని చెప్పినా వాళ్ళ వ్యాపారానికి లోటు రాదు.

డబ్బాకున్న రంగుల లైటు ఇంట్లో కొత్త పెద్దరికం సంపాదించింది. ఎండుమిరపకాయల పోపు పడగానే ఎర్రబడి హోరెత్తుతుంది. సాంబ్రాణి వేసినా, దోమల చక్రం వెలిగించినా, అప్పడం వేయించినా అంతే. కోడలు పొయ్యి వెలిగించేముందు డబ్బా వంక భయంగా చూస్తుంది. మామగారు ఎర్రలైటు ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. డల్లాస్ నుంచి కూతురు "నాన్నగారూ, బయటికి వెళ్ళకండి" అంటుంది. బయట శుభ్రంగానే ఉంది, వంటింట్లో పులిహోర కలుపుతున్నారు.

అసలు పొగ వచ్చే రోజులు వేరే ఉన్నాయి. సార్వా కోతలయ్యాక దాళ్వాకు తొందర. దాళ్వా కోతలయ్యాక చేను శుభ్రం చేసేయాలన్న తొందర. ఒకప్పుడు కొడవలితో కోసి, పనలు కట్టి, కుప్ప వేసి, నూర్చి, గడ్డిని వామి పెట్టేవారు. వామి ఎంత ఎత్తుంటే ఆ ఇంటికి అంత పరపతి. సంబంధం చూడవచ్చినవాళ్ళు పిల్లాడికంటే ముందు వామిని చూసేవారు. ఇప్పుడు కోత మిషను గంటకో ఎకరం నున్నగా గొరిగి, గడ్డిని చేలో చెల్లాచెదురుగా పారేసి పోతుంది. దాన్ని ఏరడానికి కూలి, చుట్టలు కట్టే మిషనుకు అద్దె, తోలడానికి ట్రాక్టరు. అగ్గిపుల్లకు మాత్రం ఖర్చు లేదు. కౌలు కట్టి, పెట్టుబడి అప్పు తెచ్చి, కాలువ కట్టేసేలోపు పంట గట్టెక్కించాల్సినవాడు ఆ లెక్క వేసుకుంటే నేను తిట్టలేను. చుట్టలు కట్టే మిషను అద్దెలో ఎవరైనా కొంత పంచుకుంటే ఆ పుల్ల గీయడని కూడా అనుకుంటున్నాను. ప్యూరిఫయర్ ఫిల్టర్లకు ఏటా పెట్టే డబ్బు ఆ వైపు మళ్ళించమంటే మాత్రం వీధిలో అందరికీ దగ్గొస్తుంది, అదీ పొగ లేకుండానే.

ఆ తర్వాత భోగి. జనవరి తెల్లవారుజామున మంచు దిగి ఉంటుంది. చల్లగాలి నేలనంటి బరువుగా పడుకుంటుంది, పొగ పైకి లేవదు, వీధిలోనే చుట్టుకుంటుంది. పిడకల దండలు, తాటిమట్టలు, విరిగిన మంచంకోళ్ళు వేసినంతకాలం అదొక మోస్తరు. ఇప్పుడు మెకానిక్ షెడ్డు నుంచి టైర్లు దొర్లించుకొస్తున్నారు. పిడకలు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నారు, సంప్రదాయం కదా! టైరు పొగలో మసితోపాటు గంధకపు వాయువులు కూడా ఉంటాయి. హెపా మసిని పడుతుంది, వాయువును పట్టదు. దానికి బొగ్గు ఫిల్టరు కావాలి. మామూలు డబ్బాల్లో బొగ్గు అప్పడం మందాన ఉంటుంది. ఇక ఏడాది పొడుగునా డ్రెయిన్ గట్టు మీద రాజుకునే చెత్తకుప్పలకు పండగలతో పనిలేదు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో రాజమండ్రి, ఏలూరు రెండూ ఉన్నాయి. ఆ జాబితాలో చోటు దక్కడం పురస్కారం కాదు. గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్ళ జాబితా అది.

నిప్పంటే మనకు తెలియదని కూడా అనలేం. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయి, 65 రోజులు మండింది. రాత్రుళ్ళు పగళ్ళయ్యాయి. ఊళ్ళు ఖాళీ చేయించారు, నిపుణులొచ్చారు, మంత్రులొచ్చారు, మంట ఆరిందాకా దేశం అటే చూసింది. ఆ పొగకు చిరునామా ఉంది కాబట్టి అందరూ ఆ చిరునామాకు వెళ్ళి నిలదీశారు.

చేలో గడ్డి పొగకూ చిరునామా ఉంది. ఇబ్బంది అక్కడే. ఆ చిరునామాలో ఉండేది మన పెద్దల్లుడి మేనమామ. భోగికి టైరు దొర్లించుకొచ్చింది మనం చందాలిచ్చే కుర్రాళ్ళు. చెత్తకు నిప్పుపెట్టింది పొద్దున్నే మన గుమ్మం ముందు ఊడ్చే మనిషి. గోదావరి జిల్లాల మర్యాద ఉండనే ఉంది, "ఆయ్, పర్లేదండి" అనకుండా ఎలా ఉంటాం? కళ్ళు మండుతున్నా "ఈసారి గడ్డి బాగా ఆరినట్టుందండీ" అని పలకరించి వస్తాం. ఇంటికొచ్చి తలుపులేసుకుని డబ్బా స్విచ్ వేస్తాం. నిప్పు లేనిదే పొగ రాదన్నారు పెద్దలు. నిప్పు పెట్టినవాడితో మాట పడకుండా పొగను మాత్రం వదిలించుకునే ఉపాయం వాళ్ళకు తట్టలేదు, పాపం వైఫై లేని కాలం.

ఉబ్బసం ఉన్న పిల్లకో, గుండె జబ్బున్న ముసలాయనకో ఒక గది బిగించి, సరైన కొలత యంత్రం పెట్టండి. అందులో నవ్వడానికేం లేదు. వీధి చివర గుడిసెలో అదే ఉబ్బసం ఉన్న ఇంకో పిల్లకు బిగించే తలుపే లేదు.

మొన్న దాళ్వా కోతలప్పుడు, పక్క పేటలో ఉండే ఒక పెద్ద రైతు నన్ను పిలిచి ఇదే సలహా అడిగాడు. "పక్కూరోళ్ళు తెగ తగలెట్టేత్తన్నారండి. రాత్రి పడుకుంటే గొంతు మండిపోతంది. ఏ మిషను మంచిదంటారు?" గది కొలతలు అడిగాను.

"పన్నెండు బై పదిహేనండి. శ్లాబు పదడుగులు. పాత గొడ్ల సావిడే. గొడ్లు అమ్మేసేక మూయించేసి ఏసీ పెట్టించేం."

180ని 1.7తో హెచ్చవేసి, పాతిక శాతం కలిపి, గంటకు 380 ఘనపు మీటర్లకు తగ్గకుండా చూసుకోమన్నాను. ఆయన అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకున్నాడు.

"ఆయ్, అలాగేనండి. ఇంకో రెండెకరాల గడ్డి మిగిలిపోయింది. సాయంత్రం అదీ కానిచ్చేసి, రేపు రాజమండ్రెళ్ళి తెచ్చేసుకుంటాను."