పాపులకే ప్రవేశము

దానము పుచ్చుకొనుటకు పాత్రత యుండవలెనని మన ధర్మశాస్త్రకారులు పలుమార్లు చెప్పియున్నారు. విద్య, శీలము, దారిద్ర్యము మొదలగునవి ఆ పాత్రతకు లక్షణములని వారి మతము. 2009వ సంవత్సరపు వేసవిలో అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రభుత్వము ఈ శాస్త్రమునకు ఒక నూతనాధ్యాయమును చేర్చినది. దాని ప్రకారము దానము గోరువాడు గడచిన సంవత్సరమంతయు బీమా తప్పక, రిజిస్ట్రేషను తప్పక, గ్యాలను పెట్రోలునకు పదునెనిమిది మైళ్లకు మించి నడువని వాహనమునకు, అనగా మన లెక్కలో లీటరునకు సుమారు ఏడున్నర కిలోమీటర్ల బండికి, యజమానియై యుండవలెను. అట్టి ఘనకాయమును అప్పగించి అంతకంటె మితముగా త్రాగు క్రొత్త కారును కొనినచో, వ్యత్యాసమునుబట్టి 3,500 డాలర్లో 4,500 డాలర్లో ప్రభుత్వమే చెల్లించును. పదేండ్లుగా చిన్నకారులో మోకాళ్లు ముడుచుకొని ఆఫీసునకు పోయివచ్చిన గృహస్థునకు ఒక్క డాలరైనను దక్కలేదు. ఆతని కారు మైలేజీ ఎక్కువ గనుక, ఆతనికి ప్రాయశ్చిత్తమునకు అర్హత లేదు. ఏ పాపము నెరుగనివాడు పశ్చాత్తాపపడుట యెట్లని శాసనకర్తలు తలంచిరి కాబోలు!

కార్ అలవెన్స్ రిబేట్ సిస్టమ్ అని శాస్త్రోక్తముగ నామకరణము జరిగినను, జనులు దీనిని క్యాష్ ఫర్ క్లంకర్స్ అనియే పిలిచిరి. జూన్ 24న అధ్యక్షుడు ఒబామా సంతకము చేసిన ఈ శాసనమునకు కేటాయించిన నూరు కోట్ల డాలర్లు, జూలై చివర నిబంధనలు వెలువడి దుకాణముల తలుపులు తెరచిన వారము రోజులలోనే దాదాపు హరించుకుపోగా, కాంగ్రెసు మరి రెండువందల కోట్లను గుమ్మరించెను. ఆగస్టు 24న పథకము ముగియునాటికి 6,70,000 పైచిలుకు బండ్లు చేతులు మారినవి. ప్రజలు అందరికంటె ఎక్కువగా వదలించుకొన్నది ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌ను, ఎక్కువగా ఇంటికి తెచ్చుకొన్నది టొయోటా కొరోలాను. ఆ వేసవికి ముందే దివాలా పిటిషను దాఖలుచేసిన క్రైస్లర్, జనరల్ మోటార్స్ సంస్థలున్న దేశమున, స్వదేశ పరిశ్రమోద్ధరణకై తలపెట్టిన యజ్ఞములో ప్రథమ తాంబూలము జపాను కంపెనీకి అందినదన్నమాట. ఆ కొరోలాలు కొన్ని అమెరికా గడ్డమీదనే తయారైనవని సమాధానపడువారు పడవచ్చును.

అయితే ఇన్ని ఘనకాయములు ఆ దేశపు వాకిళ్లలోనికి ఎట్లు వచ్చినవని అడుగుట న్యాయము. 2003లో ఇదే కాంగ్రెసు, చిన్న వ్యాపారులను ప్రోత్సహింపనెంచి, వ్యాపారమునకై కొనిన సామగ్రి విలువను ఆ యేటి ఆదాయమునుండియే తగ్గించుకొనుటకు గల పరిమితిని 25,000 డాలర్లనుండి లక్ష డాలర్లకు పెంచినది. మామూలు కారులకు ఈ సౌకర్యము పూర్తిగా దక్కకుండ వేరొక నిబంధన అడ్డుండెను గాని, సరకుతో గూడి ఆరువేల పౌన్ల బరువు దాటిన బండికి ఆ అడ్డు లేదు. రైతులు, మేస్త్రీలు వాడుకొను ట్రక్కులకొరకు విడిచిన సందు అది. ఆ సందులోనుండి వైద్యులు, న్యాయవాదులు, ఇండ్ల బేరగాండ్రు తమ తోలు సీట్ల మహావాహనములను నిరాటంకముగా తోలుకొనిపోయిరి. మరుసటి యేట ఆ ద్వారమును కొంత ఇరుకుచేసిరి. ఆరేండ్లు తిరుగగానే, కొన్నందుకు పన్ను తగ్గించిన ఖజానాయే, వదలినందుకు బహుమానమిచ్చినది. రెండు పర్యాయములును సొమ్ము చెల్లించినది మాత్రము చిన్నకారు గృహస్థే.

ఇక ఆ వృద్ధవాహనముల అంత్యదశను గూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది. ఇట్టి అపరకర్మ యంత్రముల చరిత్రలో అపూర్వము. మొదటి నియమము, అప్పగించు బండి తనంతట తాను నడచి రావలెను. వధ్యమునకు ప్రాణముండవలెను గదా! తరువాత దుకాణదారు ఇంజనులోని ఆయిలును వంపివేసి, దాని స్థానమున రెండు లీటర్లకు కొంచెము తక్కువగా సోడియం సిలికేట్ ద్రావణమును పోసి, నిమిషమునకు రెండువేల చుట్ల వేగమున త్రిప్పవలెను. వేడికి నీరు ఆవిరియై, గాజువంటి పదార్థము బేరింగుల నడుమ పేరుకొని, కొలది నిమిషములలో ఇంజను సీజై నిలిచిపోవును. పూర్వము కోడిగ్రుడ్లు చెడకుండ నిలువచేసికొనుటకు ఇల్లాండ్రు వాడిన గాజునీరు ఇదే. తలుపులు, అద్దములు, సీట్లు మొదలైన అవయవములను విప్పి అమ్ముకొనవచ్చును గాని, ఇంజను మాత్రము పునర్జన్మ నొందరాదు.

ఈ వృత్తాంతమును విజయవాడ ఆటోనగరులోని మన మెకానిక్కులకు వినిపించుటకు నాకు ధైర్యము చాలదు. బోరుకు వచ్చిన ఇంజనును విప్పి, పిస్టన్లు మార్చి, క్రాంకును సానపట్టించి, యజమాని ఆశ వదలుకొన్న లారీని మరల రోడ్డెక్కించుటయే కులవిద్యగా గల ఆ మహానుభావులు, చక్కగా నడుచుచున్న ఇంజనులో చేతులార గాజునీరు పోయుటకు ప్రభుత్వమే జీతమిచ్చునని విన్నచో, ముందు నమ్మరు. నమ్మిన పిదప పానా క్రింద పెట్టి మన ముఖమువంక చూతురు.

మరి ఇంత హింసకు ఫలమేమి? అప్పగించిన బండ్ల సగటు గ్యాలనుకు 15.8 మైళ్లు, కొనిన వాని సగటు 24.9. మన కొలతలో లీటరునకు ఆరు చిల్లరనుండి పదిన్నర కిలోమీటర్లకు ఉద్ధరణ. మన ఊళ్లలో కారు బేరమాడువాడు రంగైనను చూడకముందే మైలేజీ అడుగును; పదిన్నర యని బదులువచ్చినచో తలుపు తీయకయే వెనుదిరుగును. అమెరికాలో అదియే తపఃఫలమైనది. పెద్ద ట్రక్కుల తరగతిలోనైతే తపస్సు మరింత సులభము. పాతదానికంటె క్రొత్తది గ్యాలనుకు ఒక్క మైలు అధికముగా నడచిన చాలును, 3,500 డాలర్లు. రెండు మైళ్లైనచో 4,500. పదునాలుగు మైళ్ల ట్రక్కునిచ్చి పదునైదు మైళ్ల ట్రక్కును తెచ్చుకొన్న పుణ్యాత్ముడు, పదివేల కిలోమీటర్లు తిరిగినచో మిగిల్చునది ముప్పదికి కొంచెము తక్కువ గ్యాలనులు. నాటి ధరలలో దాని వెల నూరు డాలర్లు కూడ కాదు.

అయినను న్యాయము చెప్పవలెనన్న, గణితశాస్త్రము పాపుల పక్షముననే నిలుచుచున్నది. 2008లో డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనువారు, మైలేజీ అంకెలు మనుష్యులను భ్రమింపజేయుచున్నవని సైన్స్ పత్రికలో నిరూపించిరి. లీటరునకు పదునైదు కిలోమీటర్ల కారునుండి ఇరువదియైదు కిలోమీటర్ల కారునకు మారిన మితవ్యయి, పదివేల కిలోమీటర్లకు 267 లీటర్లు మిగిల్చును. ఆరు కిలోమీటర్ల బండినుండి పదికి మాత్రమే ఎగబ్రాకిన భోగి 667 లీటర్లు మిగిల్చును. పెట్రోలు ఆదాచేయ దలచినవాడు ముందుగా మహాపాపి యింటి కేగవలెననుట సత్యమే. అయితే శాసనకర్తలు ఒక్క మైలు వానికిని దండవేసిరి; వచ్చిన చిక్కల్లా అక్కడనే.

పరిశ్రమ బాగుపడినదా యనగా, అతిఫ్ మియాన్, అమీర్ సూఫీ అను ఆర్థికవేత్తలు లెక్కకట్టి చూడగా, పథకమువలన ఆ వేసవిలో అదనముగా అమ్ముడుపోయిన కార్లకు సరిపడ కార్లు, తరువాతి నెలలలో అమ్ముడుపోక మిగిలినవట. 2010 మార్చి చివరకు జమాఖర్చు ఇంచుమించు సరిపోయినది. కొనదలచినవారే కొన్ని నెలలు ముందుగా కొనిరి. వేరొక ఆర్థికవేత్తల బృందము ఇంకను కఠినముగ తీర్పుచెప్పినది: చిన్నకార్లు చవుక గనుక, పరిశ్రమకు చేరిన మొత్తము సొమ్ము పెరుగుటకు మారు తగ్గినదట.

మన దేశమును 2021లో పాతబండ్ల తుక్కు విధానమును ప్రకటించినది. ఇచ్చట గాజునీటి ప్రసక్తి లేదు. మైలేజీ ప్రసక్తియు లేదు. బండి వయస్సే, ఫిట్‌నెస్ పరీక్షయే ప్రమాణము. కనుక లీటరునకు పదునైదు కిలోమీటర్లు నడచుచు ఇంటిల్లిపాదిని మోసిన పాత మారుతి 800 దోషిగా నిలబడును. నిన్న షోరూములోనుండి దిగిన రెండు టన్నుల డీజిలు వాహనము నిర్దోషిగా ప్రక్కనుండి హారను కొట్టుచు పోవును. ఆ చిన్నబండిని అధికృత తుక్కు కేంద్రమున అప్పగించినవానికి ధ్రువపత్రమిత్తురు. దానిని చూపినచో క్రొత్త సొంతబండి రోడ్డు పన్నులో ఇరువదియైదు శాతము వరకు రాయితీ ఈయవచ్చునని కేంద్ర నిబంధన. ఆ క్రొత్త బండి పాతదానికంటె పెద్దది కారాదను షరతు అందులో ఎచ్చటను లేదు.