మా వీధి కుక్క, మీ బాల్కనీ కుక్క

మా రోజుల్లో కుక్కను కొనడమనేదే లేదు. అది వీధిలో పుట్టేది, వీధిలో పెరిగేది. పొద్దున ఒకింట్లో చద్దన్నం, మధ్యాహ్నం ఇంకో ఇంట్లో గంజి, రాత్రి మా అరుగు కింద పడక. తింటున్న కుక్క దగ్గరికి పోకూడదు, పిల్లల్ని పెట్టిన కుక్క జోలికి అసలే పోకూడదు, మొరిగితే పరుగెత్తకుండా నిలబడాలి. ఇవన్నీ అరుగు మీది తాతలు కేకలేసి నేర్పినవే. కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లన్న భయం ఎలాగూ ఉండేది.

అప్పుడంతా బాగుందని అనను. రాళ్లు విసరడం మగపిల్లలకు ఆట. కుక్క మాట వినాలంటే కర్ర పట్టుకోవాల్సిందేనని పెద్దలే అనేవారు. మహాభారతం మొదట్లోనే జనమేజయుడి తమ్ముళ్లు ఏ తప్పూ చేయని కుక్కపిల్లను కొడితే, దాని తల్లి సరమ వచ్చి రాజును నిలదీసింది. ఆ కథ చెప్పుకునే ఇళ్లలోనే కుక్కకు దెబ్బలు పడేవి.

మరి ఇప్పుడో? సైబీరియా హస్కీని కొనుక్కొచ్చి మే నెల ఎండలో బాల్కనీలో కట్టేస్తున్నారు. తిప్పేది వాచ్‌మన్, తిండి పెట్టేది పనమ్మాయి. ఇంటి పిల్లవాడికి దానితో ఫోటో దిగడం తప్ప వేరే పని లేదు. రోజంతా మొరుగుతోందని అందరికీ కోపం. తిరగడానికి చోటు లేక, వాసన చూడటానికి మట్టి లేక అది మొరగక ఏం చేస్తుంది? ఇక గేటు బయట వీధి కుక్క కనిపిస్తే ఆ పిల్లవాడే పరుగు లంకించుకుంటాడు. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క నైజమని వాడికి చెప్పే దిక్కు లేదు. అరుగులతో పాటే ఆ చదువూ పోయింది.

ఒహాయోలో ఉన్న మా మనవరాలు ఫోర్ హెచ్ క్లబ్బుకు వెళ్తుంది. 1902లో ఆ రాష్ట్రంలోనే క్లార్క్ కౌంటీలో ఎ.బి. గ్రాహమ్ అనే విద్యాధికారి పల్లె పిల్లల కోసం పెట్టిన సంఘం దానికి మూలం. మొక్కజొన్న, కూరగాయలు పండించడంతో మొదలై ఇప్పుడు కుక్కల పెంపకం దాకా వచ్చింది. తిండి, నీళ్లు, దువ్వడం, టీకా తేదీలు పుస్తకంలో రాసుకోవడం అన్నీ పిల్లల పనే. కూర్చోమంటే కూర్చున్న ఆ క్షణంలోనే నోటికి చిన్న ముక్క అందాలి. ఆలస్యమైతే దేనికి మెచ్చుకున్నారో కుక్కకు తెలియదు. మీదికి దూకితే కొట్టరు, మొహం తిప్పుకుంటారు. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టాకే పలకరిస్తారు. నిమిషం కుదురుగా కూర్చోని మా పిల్ల, కుక్క కుదురుకునే దాకా కదలకుండా నిలబడుతోంది. ఇది చూసి నాకు ఎంత ముచ్చటేసిందో!

అక్కడ ఈ క్లబ్బులను నడిపేది ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు విస్తరణ విభాగం. మనకూ తిరుపతిలో, రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలూ వేస్తారు. ఆ వరసలో నిలబడేదీ వాచ్‌మనే! ఆ రోజైనా గొలుసు పిల్లవాడి చేతికివ్వండి. పశువైద్యం చదివే కుర్రవాణ్ణి ఒకణ్ణి పిలిచి కుక్కతో ఎలా మెలగాలో పిల్లలకు గంటసేపు చెప్పించండి. కరిస్తే పసుపూ కారం పూయకుండా సబ్బుతో 15 నిమిషాలు ధార కింద కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని కూడా అప్పుడే చెప్పించండి. ఆ తర్వాత ఈ పాఠాన్ని నెలకో ఆదివారం సెల్లార్‌లో కొనసాగించవచ్చు. మా అపార్ట్‌మెంట్ సంఘానికి ఇదే చెప్పాను. కుక్కలు లిఫ్టెక్కకూడదని నోటీసు అంటించే తీరిక ఉంది వాళ్లకు, దీనికి మాత్రం లేదట.