పనస అంటే పడిపోవాలి

కవిటిలో ఏనుగునైనా దాచొచ్చు గానీ గుట్టు దాచలేం. కొబ్బరితోట నడిబొడ్డున ఇల్లు కట్టుకున్నా సరే, ఇవాళ మీ ఇంట్లో ఏ చేప పులుసో అవతలి వీధికి తెలిసిపోతుంది. అలాంటి ఊళ్ళో మా హైస్కూల్ కబడ్డీ జట్టు ఒక రహస్య భాష కనిపెట్టాలనుకుంది.

దీనంతటికీ కారణం బీజింగ్. 1990 ఏషియాడ్‌లో కబడ్డీని తొలిసారి పతకాల ఆటగా పెట్టారు. మనవాళ్ళు బంగారం తెచ్చారు. పేపర్లో ఆ వార్త చదివిన దగ్గర్నుంచి మా డ్రిల్లు మాస్టారికి ఇసకలో దొర్లే మేం ఏడుగురం ఏడు పతకాల్లా కనబడసాగాం. ‘‘ఇన్నాళ్ళూ మీరాడింది ఆట కాదర్రా, తోపులాట. ఇకమీదట ప్రతి పట్టుకీ ఒక పేరుండాలి. పేరు వినబడగానే పట్టు పడాలి’’ అన్నారు.

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఇప్పుడంటే కూతకి 30 సెకన్ల గడువు పెట్టారు గానీ అప్పట్లో గుక్క ఉన్నంతసేపే కూత. ఆ కాసేపట్లో ఇవతలి ఏడుగురూ ఒక్కమాట మీదికి రావాలి. కుడి కార్నర్ మడమ పట్టాలని, ఎడమ కవర్ నడుం పట్టాలని, మధ్యలోవాడు ఎలాగైనా బతికి బయటపడాలని అనుకుంటే, వచ్చినవాడు ముగ్గురినీ తాకి నింపాదిగా గీత దాటిపోతాడు.

మా కెప్టెన్ కొబ్బరికాయల వ్యాపారి కొడుకు. పేర్లన్నీ మా ఉద్దానం ప్రాంతంలోంచే ఏరాడు. ‘కొబ్బరి’ అంటే కుడి కార్నర్ దూకాలి. ‘ఎండుచేప’ అంటే ఎడమ కార్నర్. మొదటి అక్షరం చూసుకుంటే ఏ వైపో మర్చిపోరని అతని లెక్క. ‘పనస’ అంటే అందరూ ఒక్కసారే మీద పడిపోవాలి. ‘జీడిపిక్క’ అంటే ముట్టుకోవద్దు, వాడి మానాన వాణ్ణి పోనివ్వండి అని. పచ్చి జీడిపిక్క తొక్కలోని నూనె తగిలితే చెయ్యి బొబ్బలెక్కుతుందని మా వైపు పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే ఆ పేరొక్కటీ అందరికీ ఒక్కసారికే వచ్చేసింది.

మొదటి పోటీ మా మైదానంలోనే, పక్క మండలం జట్టుతో. వాళ్ళవాడు కూత పెట్టి ఇటు అడుగేశాడో లేదో కెప్టెన్ ‘‘పనస!’’ అని అరిచాడు. మా కుడి కవర్ వెనక్కి తిరిగి ‘‘ఏటీ?’’ అన్నాడు. ‘‘పనసరా!’’ అన్నాడు కెప్టెన్. మా వాడింకా ఆలోచిస్తూనే ఉన్నాడు. ఈలోగా గట్టు మీద కూర్చున్న తాత ఒకాయన అందుకున్నాడు. ‘‘పనసంటే అందరూ మీద పడిపోవాల గదేట్రా! నిన్న సందేల మాస్టారు సెప్పినప్పుడు నానిక్కడే ఉన్నాను!’’

అవతలివాడికి నవ్వాగలేదు. నవ్వితే కూత తెగింది. కూత తెగితే అవుటు. రహస్య భాష పుణ్యమా అని మేం గెలుచుకున్న మొదటి పాయింటు అదే.

సైడు మారాక గుట్టు ఇంకాస్త బిగించాం. పేర్లు ఒడియాలో చెప్పుకుందామన్నాడొకడు. ఒడిశా సరిహద్దు పక్కన పుట్టినవాడు ఒడియాని రహస్యం అనుకోవాలంటే చాలా ధైర్యం కావాలి. అవతలి జట్టులో సగం మంది ఇళ్ళల్లో మాట్లాడేదే అది. వాళ్ళు మా ఉచ్చారణ కూడా దిద్దారు. పైగా పనసని ఒడియాలోనూ పణసే అంటారు.

ఇక మాటలే వద్దనుకుని, చేతులు పట్టుకుని గొలుసు కట్టినప్పుడు పక్కవాడి చెయ్యి నొక్కడం మొదలెట్టాం. ఒక నొక్కు కుడి, రెండు ఎడమ, మూడు పనస. మా ఎడమ కార్నర్‌కి భయమేస్తే పక్కవాడి చెయ్యి ఆపకుండా పిసికేస్తాడు. వాడి సందేశాలన్నీ పాటించి ఉంటే ఒక్క కూతలోనే మేం కబడ్డీలో ఉన్న పట్లన్నీ పట్టేసి, లేనివి కొన్ని కనిపెట్టాల్సి వచ్చేది.

ఈ తిప్పలు లోకంలో మాకే అనుకునేవాణ్ణి. టెక్సస్‌లో ఉన్న మా మేనల్లుడు హైస్కూల్ ఫుట్‌బాల్‌లో చేరాక ఆ అపోహ తీరింది. వాళ్ళ ఫుట్‌బాల్‌ని ఎక్కువగా చేత్తోనే ఆడతారు. జట్టుకి పదకొండు మంది. వేసే ప్రతి ఎత్తుకీ ఒక పేరుంటుంది. అది ఉత్త పేరు కాదు, పూజలో పురోహితుడు చదివే సంకల్పం. ఎవరెక్కడ నిలబడాలి, ఎవరు ముందుగా కదలాలి, ఎవరెటు పరిగెత్తాలి, ఎన్నో కేకకి బంతి లేవాలి, అన్నీ అందులోనే. జాన్ గ్రూడెన్ అనే కోచ్ ప్రచారంలోకి తెచ్చిన ఒక ఎత్తు పేరు ‘స్పైడర్ 2 వై బనానా’. సాలీడూ అరటిపండూ ఒకే పేరులో ఇమిడిన ఆటలో మా పనసకి తలవంపులేముంది?

‘‘మాకు ‘రిప్’ అంటే కుడి, ‘లిజ్’ అంటే ఎడమ మావయ్యా. రైట్‌కి ఆర్, లెఫ్ట్‌కి ఎల్, అంతే’’ అన్నాడు వాడు. మా కొబ్బరీ ఎండుచేపా సముద్రం దాటి వెళ్ళి పేర్లు మార్చుకున్నాయి!

గుట్టు కోసం వాళ్ళు పడ్డ పాట్లూ తక్కువేం కాదు. ఆటగాళ్ళు గుండ్రంగా తలలు కలిపి గుసగుసలాడే పద్ధతి 1890ల్లో వాషింగ్టన్‌లోని గాలాడెట్ బధిరుల కళాశాలలో పుట్టిందంటారు. అక్కడి ఆటగాడు పాల్ హబ్బర్డ్ చేత్తో సైగ చేస్తుంటే అవతలి బధిరుల జట్టు చదివేస్తోందని అందర్నీ చుట్టూ నిలబెట్టుకున్నాడట. వాళ్ళ ప్రొఫెషనల్ లీగ్‌లో 1994 నుంచి కోచ్ మాట హెల్మెట్‌లోని రేడియోలోనే వినబడుతుంది. అంత ఏర్పాటున్నా 2014 జనవరిలో పేటన్ మానింగ్ అనే ఆటగాడు ఒకే ఆటలో ‘ఒమాహా’ అని 44 సార్లు గొంతు చించుకున్నాడు. దేశమంతా టీవీలో విన్నది. ఆయన జట్టే గెలిచింది.

‘‘అలా అరిస్తే అవతలివాళ్ళకి తెలిసిపోదట్రా?’’ అన్నాను.

‘‘తెలిస్తే ఏం చేస్తారు, టైముండదుగా. మా భయమల్లా మాలో ఎవడు మర్చిపోతాడోననే’’ అన్నాడు.

ఈ ముక్క మా డ్రిల్లు మాస్టారు మొదటి పోటీ అయిన సాయంత్రమే కనిపెట్టేశారు. ‘‘గుసగుసలు మానేసి ఊరంతా వినేలా అరవండ్రా. వచ్చినవాడు వింటే విననీండి. వాడి నోట్లో కబడ్డీ తప్ప ఇంకో మాటకి చోటు లేదు. ఆగి ఆలోచించలేడు, తనవాళ్ళనీ అడగలేడు. మీ ఏడుగురికీ తెలిస్తే చాలు’’ అన్నారు. అప్పట్నుంచి కెప్టెన్‌తో పాటు గట్టు కూడా అరిచేది. ‘‘పనస’’ అంటే నిజంగానే ఏడుగురం పడేవాళ్ళం. ఒక్కోసారి వచ్చినవాడు పక్కకి తప్పుకునేవాడు గానీ, పడ్డం మాత్రం కలిసే పడేవాళ్ళం.

ఆ ఏడు కప్పు ఇంకో జట్టుకి వెళ్ళింది. వాళ్ళ పట్ల పేర్లేమిటో తెలుసుకుందామని మా కెప్టెన్ వెళ్ళి వాళ్ళ కెప్టెన్‌ని పట్టుకున్నాడు.

‘‘పేర్లేటి బావూ? కాలు పట్టుకుంటాం, ఒగ్గం’’ అన్నాడతను.