చెట్టుకూ పొట్టేలుకూ ఒకటే వైద్యం

కళ్యాణదుర్గం చుట్టుపక్కల చేనూ మందా రెండూ ఉన్న ఇళ్లకు ఈ చిట్కాలు. బడి పుస్తకాల్లో వృక్ష కణజాలాలు వేరు, జంతు కణజాలాలు వేరు అని చెప్తారు. దండగ. ఒక్క వైద్యం నేర్చుకుంటే రెండింటికీ చాలు.

వేపకొమ్మలు మేతకు నరికితే మళ్లీ చిగురిస్తాయి గదా. గుర్తు కోసం పొట్టేలు చెవి కోసేటప్పుడూ వెనకాడకండి, మొలుస్తుంది. మొలవలేదా, ఎరువు చాల్లేదు. చెట్టుకు కొమ్మ కొసల్లోనూ వేరు కొసల్లోనూ బతికున్నంతకాలం విభాజ్య కణజాలం ఉంటుందనీ, చెవికి అది లేదనీ మీ పిల్లవాడు అడ్డం పడతాడు. వాణ్ని గొర్రెల వెంట తోలేయండి.

కానుగ కొమ్మ విరిగితే పుత్తూరు కట్టు కట్టించండి. ఎముకలో బతికిన కణాలున్నాయి కాబట్టి అతుక్కుంటుందట, చేవలో ఉన్నవన్నీ చచ్చిన కణాలేనట. చచ్చినవాటి మీద చింతచెట్టు అన్నేళ్లు నిలబడుతుందా?

ఇక చెనక్కాయ. దీని దగ్గర అందరూ పప్పులో కాలేస్తారు. పూత వాడాక ఊడ దిగుతుంది. దాని కొసన పిందె, పిందె వెనకే విడిపోతూ పెరిగే కణాలు. అవి నీళ్లు పీల్చి ఉబ్బి ఊడను మట్టిలోకి నెడతాయి. కండ లేదు, నరం లేదు, ఉన్న బలమంతా నీళ్లే. అందుకే పైమట్టి ఎండి గట్టిపడితే ఊడ దిగలేక ఆగిపోతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్పనుకునే మన ఎర్రనేలల్లో ఈ దశలో ఒక్క తడి ఇమ్మంటారు. బోరు ఎండినవాడు ఎక్కడ తెస్తాడు? నా పద్ధతిలో ఖర్చు లేదు: కసరత్తు. పొట్టేలుకు తిరిగితే కండ పడుతుంది. మీరూ రోజూ పొద్దున్నే ఒక్కో చెట్టునూ పట్టుకొని బాగా ఊపండి. ఊడలు తెగితే అవి చేతకానివనుకోండి.

ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమంటారు. ఎందుకయ్యా అంటే కాల్షియం కోసమట. కాల్షియం అడిగిందంటే లోపల ఎముకలున్నట్టే, కాయ ఒలిచి వెతకండి. అబ్బే, అది కణాల గోడలకట. వేరు తాగిన కాల్షియం ఆకులకు పోయి కాయకు తిరిగి రాదట, కాయే మట్టిలోంచి పీల్చుకోవాలట. గొర్రె కణానికైతే గోడే ఉండదట, ఉత్త పొరేనట! వినేవాడుంటే ఏమైనా చెప్తారు.

ఆఖరిది అంటు. మామిడికి రెండు కొమ్మల పెరిగే పొరలు కలిపి కడితే అంటు పడుతుంది. పరాయి మాంసాన్ని ఒళ్లు తిప్పికొడుతుందని పశువుల డాక్టర్లు బెదిరిస్తారు. లేపాక్షిలో గుడి కట్టుకున్న వీరభద్రుడు దక్షుడి తల నరికితే మేకతల అతికించలేదా? ధైర్యంగా మీ మేకకు పొట్టేలు తల అంటుకట్టండి. శనివారం కడితే మంచిది. పట్టకపోయినా మర్నాడు ఆదివారమే.