సూర్యభగవానుల వారికి కామారెడ్డి నుంచి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ సూర్యనారాయణమూర్తి గారి దివ్యసముఖానికి,

విషయం: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నడివయసు ఆడవాళ్లు గుట్టలెక్కడానికి, చెమటలు కారేలా యోగా చేసుకోవడానికి అనుమతి కోరుట గురించి.

సూచిక: తమరు ప్రతి వేసవిలో మాకు జారీ చేస్తున్న ఎండ.

ఆర్యా,

తమరు తీరిక లేని అధికారులని తెలుసు. సెలవు పెట్టరు, బదిలీ ఉండదు, మా జిల్లాకైతే మార్చి నుంచి జూన్ దాకా ఓవర్‌టైం కూడా చేస్తారు. అయినా రాస్తున్నాను. ఆరోగ్యం కావాలంటే మిమ్మల్నే అడగాలని పెద్దలు చెప్పిపోయారు. పైగా నేను రాయబోయే దాంట్లో సగం, అంటే వేడి, నేరుగా తమరి శాఖ కిందికే వస్తుంది.

ముందుగా తమరి దృష్టికి ఒక సంగతి. అమెరికాలో ఊపందుకుని మన మహానగరాల దాకా వచ్చిన హాట్ యోగా అని ఒకటుంది. గది తలుపులు బిగించి, హీటర్లు పెట్టి, 40 డిగ్రీల దాకా వేడెక్కించి, గాలిలో 40 శాతం తేమ ఉండేలా చూసి, అందులో గంటన్నర సేపు ఆసనాలు వేయిస్తారు. కలకత్తాలో పుట్టిన బిక్రమ్ చౌధురి 1970లలో అమెరికాకు వెళ్లి దీన్ని పెద్ద వ్యాపారం చేశాడు. 26 ఆసనాలు, రెండు శ్వాస అభ్యాసాలు, వరుస తప్పకూడదు. ఆ వరుస నాదే, ఇంకొకరు నేర్పడానికి వీల్లేదని కోర్టుకెక్కితే, ఆసనాల వరుసకు కాపీరైట్ ఉండదని 2015లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చేసింది. ఆయన మీద శిష్యురాళ్లు వేసిన లైంగిక వేధింపుల కేసుల కథ వేరే ఉంది, ఆ పెద్దమనిషిని ఇక్కడితో వదిలేస్తాను. వేడి మీద మాత్రం ఇంతవరకూ ఎవరూ హక్కు అడగలేదు. తమరు నిశ్చింతగా ఉండవచ్చు.

ఇది చదివి మా కామారెడ్డి వాళ్లకు నవ్వొస్తుంది. మే నెలలో 44 డిగ్రీలు మాకు కొత్త కాదు. రేకుల షెడ్డు కింద, కరెంటు పోయిన మధ్యాహ్నం, రొట్టెలు కాల్చే ఆడమనిషి దగ్గరికి వెళ్లి, వేడి గదిలో వంగి లేవడానికి డబ్బు కట్టి మరీ పోతారట అని చెప్పి చూడండి. ఏమంటుందో నేను రాయలేను, ఇది పత్రికలో పడే లేఖ.

తమరికి నచ్చని మాట ఒకటి కూడా చెప్పాలి. అమెరికాలో టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ఒక పని చేశారు. కదలకుండా కూర్చునే అలవాటున్న 40 నుంచి 60 ఏళ్ల వాళ్లను పోగేసి, ఇవే ఆసనాలు కొందరి చేత 40.5 డిగ్రీల గదిలో, కొందరి చేత 23 డిగ్రీల గదిలో 12 వారాలు వేయించారు. రక్తనాళాలు సాగే గుణం రెండు జట్లలోనూ మెరుగుపడింది. ఆ విషయంలో వేడి గదిలో వాళ్లకు అదనంగా ఒరిగిందేమీ కనపడలేదు. అంటే స్వామీ, మేలంతా వంగడంలో, లేవడంలో ఉంది. అందులో తమరి వాటా పెద్దగా లేదు. ఒళ్లు బాగా వేడెక్కితే కీళ్లు తేలిగ్గా కదులుతాయి, చెమట పట్టాక మనసు తేలికవుతుంది, అది నేను కాదనను. కానీ గుండె జబ్బున్నవాళ్లు, బీపీకి నీరు తీసే మాత్రలు వేసుకునేవాళ్లు వేడి గదిలోకి పోయే ముందు డాక్టర్ని అడగాలి. ఈ మాట తమరి తరఫున నేనే చెప్పేస్తున్నాను.

ఇక మా దగ్గర అసలైన హాట్ యోగా ఎవరు చేస్తున్నారో తమరు పైనుంచి చూస్తూనే ఉన్నారు. తునికాకు రోజులు రాగానే గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి అడవుల్లోకి ఆడవాళ్లు వేకువజామునే సద్ది కట్టుకుని బయలుదేరతారు. ముళ్ల పొదల్లోకి వంగి లేతాకు చూసి తెంపుతారు. చీర మడిచి నడుముకు కట్టిన ఒడిలో ఆకు నింపుకుంటూ, గుట్ట ఎక్కుతూ, దిగుతూ, తమరు నడినెత్తికి వచ్చేలోపు ఇల్లు చేరాలి. ఇంటికొచ్చాక కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట. సాయంత్రం కల్లానికి మోత. ఆ ఆకే ఆరి, బస్తాలకెక్కి, గంపల్లో పట్నపు గల్లీలకు వస్తుంది. అక్కడ ఇంకో ఆడమనిషి ఒడిలో చాట పెట్టుకుని పొద్దున్నుంచి రాత్రి దాకా బీడీలు చుడుతుంది. మెడ ఒకే వైపు వంగి ఉంటుంది, కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి, వేళ్లు మాత్రం చకచకా ఆడుతుంటాయి. అదే ఆకు ఒకామె మోకాళ్లను అరగదీస్తుంది, ఇంకొకామె నడుమును బిగించేస్తుంది. వీళ్లిద్దరికీ ఎవరైనా వ్యాయామం మంచిదని చెప్పబోతే నేను ఒప్పుకోను. వాళ్లకు కావాల్సింది విశ్రాంతి, మంచి కూలి, ఇంకా తమరి దయ.

వ్యాయామం కావాల్సింది నాలాంటివాళ్లకు. నేను టీచర్ని. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వైపు రోజూ బస్సులో పోయివస్తాను. బస్సులో కూర్చుంటాను, స్టాఫ్‌రూంలో కూర్చుంటాను, ఇంటికొచ్చి కూరగాయలు కోస్తూ కూర్చుంటాను. మాలాంటివాళ్ల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో లెక్క వేశారు. మన దేశంలో మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం మంది చాలినంత కదలడం లేదట. వారానికి 150 నిమిషాలు ఓ మాదిరి శ్రమ చేస్తే చాలునంటున్నారు, అదీ లేదు.

ఎందుకు లేదో చెబుతాను. మా దగ్గర నలభై దాటిన ఆడది ఇల్లు దాటి కాళ్లకు పని చెప్పాలంటే కూలైనా ఉండాలి, షుగరైనా ఉండాలి, మొక్కైనా ఉండాలి. ఏదీ లేకుండా ఊరికే, ఒళ్లు హాయిగా ఉంటుందని, సరదాకు నడిస్తే చూసేవాళ్లకు మింగుడు పడదు. ఒక సాయంత్రం బూట్లు తొడుక్కుని బయటికి వస్తే పక్కింటావిడ ఆపింది.

"ఏం టీచర్, షుగరొచ్చిందా?"

"రాలే."

"మరి గీ నడుసుడేంది?"

జవాబు నా దగ్గర లేదు. షుగరొచ్చిందని చెప్పి ఉంటే "అయ్యో, పోయిరా బిడ్డా" అని దారిచ్చేది.

మొక్కు సంగతి చూడండి. ఇదే ఆవిడ అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కింది. ఒట్టిగా ఎక్కలేదు, ప్రతి మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఎక్కింది. మోకాళ్ల పర్వతం దగ్గర కొన్ని మెట్లు మోకాళ్ల మీదే ఎక్కింది. ఏ సూర్యనమస్కారం దానికి సరితూగుతుంది? నల్లమలలో చైత్రపౌర్ణమికి సలేశ్వరం జాతర జరుగుతుంది. ఆ ఎండల్లో రాళ్ల దారిన లోయలోకి దిగి మళ్లీ ఎక్కి వచ్చే వాళ్లలో యాభై, అరవై ఏళ్లవాళ్లు ఎందరో. శక్తి లేక కాదు, సాకు లేక కూర్చుంటున్నాం.

ఇంకో సంగతి తమరికి తెలియకుండా జరుగుతోంది. యాభైకి అటూ ఇటూ ఉన్న ఆడవాళ్లకు డిసెంబరు తెల్లవారుజామున, తమరింకా డ్యూటీ ఎక్కకముందే, గుండెల్లోంచి ఒక ఆవిరి లేచి మెడ మీదుగా ముఖానికి ఎగబాకుతుంది. ఇంట్లో అందరూ రగ్గులు కప్పుకుని ఉంటే మేం ఫ్యాను వేస్తాం, తిట్లు తింటాం. ఈ వేడికి తమరి ఉత్తర్వు లేదు. పైసా ఖర్చు లేని హాట్ యోగా, ఆసనాలే తక్కువ. హాస్యానికేం గానీ, ఆ వయసులో ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు పలచబడతాయి, కండ కరుగుతుంది. ఎముకకు బరువు మోసే పని చెప్పాలి. గుట్ట ఎక్కేటప్పుడు గుండె పనిచేస్తుంది. దిగేటప్పుడు తొడ కండ సాగుతూ ఒంటి బరువును ఆపుతుంది, మర్నాడు కుర్చీలోంచి లేవబోతే తెలిసే నొప్పి దానిదే. ఇక యోగా తుంటిని వదులు చేస్తుంది, ఒంటికాలి మీద నిలబడడం నేర్పుతుంది. రాయి మీద కాలు జారినప్పుడు అక్కరకొచ్చేది ఆ విద్యే. అందుకే రెండూ అడుగుతున్నాను. ఒకటి ఇచ్చి ఒకటి కోయకండి.

గుట్టలకు మాకు కొదవ లేదు. జుక్కల్ వైపు కౌలాస్ కోట ఉంది. ఎల్లారెడ్డి దాటి కొంచెం పోతే ఒకప్పుడు నిజాం వేటాడిన పోచారం అడవి, ఇంకా ముందుకు పోతే మెదక్ ఖిల్లా. చిరుతలు తిరిగే అడవుల్లోకి ఒంటరిగా పొమ్మని నేననను, నలుగురు కలిసి, అటవీ శాఖ ఒప్పుకున్న దారినే పోవాలి. ఆ అడవి పక్కనున్న పోచారం ప్రాజెక్టు కట్ట 1922లో పూర్తయింది. 2025 ఆగస్టులో మా జిల్లాను ముంచెత్తిన వరద మీదపడినా నిలబడింది. వందేళ్లు దాటిన కట్ట అలా ఉంటే యాభైకే మెట్లు దిగుతూ గోడ పట్టుకుంటున్నాం.

మా బస్సు దారి మీది తాడ్వాయి తమరికి గుర్తుండే ఉంటుంది. అక్కడి గురుకులంలో చదువుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. పాకాలలోని వ్యవసాయ కూలీల బిడ్డ. భువనగిరి రాతిగుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో తర్ఫీదు పొందింది. 2022కల్లా ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ముగించింది. ఆ పేరు చెబితే మా స్టాఫ్‌రూంలో అందరం చప్పట్లు కొడతాం, "చిన్నపిల్ల కదా, మనవల్ల ఏమవుతుంది" అని టిఫిన్ డబ్బా తెరుస్తాం. అలా అనేవాళ్ల కోసం ఇంకో రెండు పేర్లు. జంషెడ్‌పూర్ గృహిణి, ఇద్దరు పిల్లల తల్లి ప్రేమలతా అగర్వాల్ 2011లో ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు 48 ఏళ్లు. జపాన్‌కు చెందిన తమాయె వతనబే 63 ఏళ్లకు ఒకసారి ఎక్కింది, 2012లో 73 ఏళ్లకు మళ్లీ ఎక్కింది. మేం అడిగేది ఎవరెస్టు కాదు, మధ్యలో రెండుచోట్ల ఆగి మంచినీళ్లు తాగి ఎక్కే గుట్ట.

కాబట్టి తమరికి మనవి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తమరితో మాకు పేచీ లేదు. మార్చి నుంచి మాత్రం ఉదయం ఎనిమిది దాకా కాస్త చూసీచూడనట్టు పోండి, ఆ తర్వాత తమరి ఇష్టం. పదకొండు దాటాక గుట్ట మీద ఎవరైనా కనపడితే నిర్దాక్షిణ్యంగా కిందికి తరమండి, అది మా మంచికే. గుట్ట దాకా చేర్చే బాధ్యత తమరికి లేదు, 2023 డిసెంబరు నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్ ఉండనే ఉంది. ఆ టికెట్‌తో దవాఖానకు, గుడికి, పుట్టింటికి పోయాం. ఇకముందు గుట్టకు కూడా పోతాం.

అసలు చిక్కు తమరి చేతిలో లేదని నాకు తెలుసు. గుట్టకైనా, చాప పరుచుకోవడానికైనా పనికొచ్చే చల్లటి వేళ ఉదయం ఐదున్నర నుంచి ఏడున్నర. అదే వేళకు నల్లా నీళ్లొస్తాయి, పాలొస్తాయి, నాలుగు టిఫిన్ డబ్బాలు నిండాలి. అదే వేళకు మా గల్లీ మగవాళ్లు బూట్లు తొడుక్కుని మైదానం చుట్టూ తిరిగి, చాయ్ తాగి, రాజకీయాలు మాట్లాడుకుని, ఆకలితో ఇంటికొస్తారు. వాళ్ల నడక మీద నాకు ఏడుపు లేదు. రోజు విడిచి రోజు ఆ వేళ మాకివ్వాలన్నదే నా కోరిక. తమరు అందరిళ్ల కిటికీల్లోంచీ తొంగిచూస్తారు గనక, ఎవరింట్లో ఇచ్చారో, ఎవరింట్లో ఇవ్వలేదో గమనించగలరు.

ఇట్లు,
తమరి విధేయురాలు,
షుగరు లేని ఒక టీచరు,
కామారెడ్డి.

ప్రతులు:
వరుణదేవుల వారికి, సమాచారం కోసం.
మా ఆయనకు, తగు చర్య కోసం: రేపటి నుంచి రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి స్టవ్ మీరు వెలిగించాలి. ఉప్మా రవ్వ రెండో అరలో, ఎడమవైపు డబ్బాలో ఉంది.